మామగారి బరమా

మా ఇంటి వసారాలో తలుపు వెనక ఒక మేకు ఉంది. దానికి మా మామగారి బరమా వేలాడుతూ ఉండేది. సరస్సు మీద గడ్డకట్టిన మంచుకి చిల్లు పెట్టే బరమా అది. పైన చేతి పిడి, కింద మెలికలు తిరిగిన ఇనప కాడ, చివర రెండు బ్లేడ్లు. ఇప్పుడు ఆ మేకు ఖాళీగా ఉంది. బరమా ఎక్కడుందో నాకు తెలుసు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఊళ్ళో నన్ను మంచిదాన్నని ఎవరూ అనరు, నేనూ అనుకోను. నోటి దురుసు పుట్టుకతో వచ్చింది. మిగతాది మా బావగారి పుణ్యం. బావగారంటే రేయో, నా మొగుడు తైస్తోకి అన్న. ఊరందరి కత్తులకీ గొడ్డళ్ళకీ బరమా బ్లేడ్లకీ పదును పెట్టేది ఆయనే. కోటు జేబులో ఎప్పుడూ ఒక ఆకురాయి ఉండేది. ఎవరితోనైనా మాట్లాడుతూ దాన్ని తీసి వేలిగోళ్ళు అరగదీసుకునేవాడు. సర్... సర్... సర్... ఆ చప్పుడు వింటే నాకు పళ్ళు జివ్వుమనేవి.

ఆయనకి ఇంకో జబ్బు కూడా ఉంది, ఎకసెక్కం. సౌనాలో ఆవిరి స్నానానికి వెళ్ళినవాడి బూట్లు నేలకి మేకులేసి కొట్టేవాడు. మా పెళ్ళిరోజున తైస్తో టోపీలో చేప పేగులు పెట్టాడు. ఎవరైనా ఏడిస్తే, "అబ్బే, నవ్వులాటకి" అనేవాడు. ఊరంతా నవ్వేది. తైస్తో అందరికంటే గట్టిగా నవ్వేవాడు. అన్న అంటే వాడికి అంత పిచ్చి.

హోర్మా సరస్సు గడ్డకట్టగానే దాని మీద మొదటి బాట వేసేది మా అత్తింటివాళ్ళే. ఇది మామగారి కాలం నుంచీ వస్తోంది. ఒకడు ముందు నడుస్తూ బరమాతో అక్కడక్కడా చిల్లు పెట్టి గడ్డ ఎంత మందం ఉందో చూస్తాడు. ఇంకొకడు బాగా వెనక నడుస్తూ ఆ చిల్లుల పక్కన స్ప్రూస్ చెట్టు రెమ్మలు పాతుతాడు. ఆ రెమ్మల వెంటే చలికాలమంతా ఊరు ఊరంతా చేపల వలలకి వెళ్ళొస్తుంది. ఒక ఏడు అన్న ముందు, ఒక ఏడు తమ్ముడు ముందు. బరమా మాత్రం మామగారిదే ఉండాలి. వేరే బరమాతో వేసిన బాట మీద ఇక్కడ ఎవరూ కాలు పెట్టరు.

పోయిన ఏడు తైస్తో వంతు. ముందు రోజు రేయో బరమా తీసుకెళ్ళి పదును పెట్టి తెచ్చాడు. తెల్లారాక అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. మధ్యాహ్నానికి రేయో ఒక్కడే తిరిగొచ్చాడు, చంకలో ఆ బరమా పెట్టుకుని. సరస్సులోని దీవి దాటాక తైస్తో కింద గడ్డ పగిలిందట. తను చేరేసరికి నీళ్ళు తప్ప ఏమీ లేవట. బరమా మాత్రం గడ్డ అంచు మీద పడి ఉందట.

"చిల్లు పెట్టి చూడరా, చూడరా అని గొంతు చించుకుని అరిచాను. వింటేనా? దర్జాగా నడుచుకుంటూ పోయాడు" అని అందరికీ చెప్పాడు. కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

శవం దొరకలేదు. పాదిరి ఖాళీ గుంట మీద ప్రార్థన చదివాడు. ఆ తర్వాత మా ఊళ్ళో ఒక మాట పుట్టింది. సరస్సు మీద ఎవరైనా చూసుకోకుండా అడుగేస్తే, "తైస్తో నడక నడవకు" అని అరిచేవాళ్ళు. దుకాణంలో నా ముందే అన్నారు. అన్నాక నాలుక కరుచుకున్నారు, మర్నాడు మళ్ళీ అన్నారు. నా మొగుడు ఈ సరస్సు మీద పుట్టి పెరిగినవాడు. వాడి పేరు ఇలా పిల్లల్ని బెదిరించే మాట అయిపోవడం నేను భరించలేకపోయాను.

వసంతం రాకముందు ఒకనాడు బరమా తుడుస్తూ బ్లేడ్లు చూశాను. మెరుస్తున్నాయి, వేలికి చురుక్కుమంటున్నాయి కూడా. అయినా ఏదో తేడాగా అనిపించింది. బావి దగ్గర తొట్టిలో నీళ్ళు గడ్డకట్టి ఉంటే, బరమా దాని మీద పెట్టి తిప్పాను. చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పాను. గడ్డ మీద అద్దంలా మెరిసే ఒక గుండ్రం వచ్చింది, అంతే. చిటికెడు తురుము కూడా రాలేదు. అప్పుడు బ్లేడు పక్కకి తిప్పి వెలుగులో చూశాను. అంచుని అరగదీసి, వెనక వీపుని ఎత్తుగా వదిలేశారు. అలా చేస్తే వీపు గడ్డకి ఆనుకుని జారుతుంది, అంచు గడ్డని తాకదు. ఎంత పదునున్నా పట్టదు. పదును పెట్టడం రానివాడి పొరపాటు కాదది. బాగా వచ్చినవాడు కావాలని చేసిన పని.

అలాంటి బరమా పట్టకపోతే ఈ సరస్సు మీద బతికేవాడు ఏమనుకుంటాడు? గడ్డ ఉక్కులా ఉందనుకుంటాడు. ఉక్కు గడ్డ అంటే గుర్రం కట్టిన బండిని కూడా మోస్తుంది. అలా అనుకునే తైస్తో ముందుకి నడిచాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే, "మొగుడు పోయిన దుఃఖంలో ఏదో అంటోంది" అనేవాళ్ళు. రేయో నోటితోనే చెప్పించాలి. మళ్ళీ గడ్డకట్టే కాలం వచ్చేదాకా ఆగాను, ఎందుకంటే ఈసారి వంతు రేయోది.

బాట వెయ్యడానికి ముందు రోజు సాయంత్రం ఆయన మా సౌనాకి వచ్చాడు.

"బరమా ఇటియ్యి హిల్యా, పదును పెట్టి రేపు పట్టుకెళ్తా."

"ఎందుకు బావగారూ? పోయినేడు మీరు పెట్టిన పదును అలాగే ఉంది. తైస్తో దాన్ని వాడనే లేదుగా, మీరే చెప్పారు."

"అయినా ఒకసారి..."

"రేపు ఒడ్డుకి నేనే తెస్తాలెండి. రెమ్మలు పాతడానికి వెనక నేనే వస్తా. తైస్తో లేడు కదా, వాడి బదులు."

ఆయన సౌనాలోకి వెళ్ళాక బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాను. కోటు పక్కనే ఆయన మెడ మేకులు వేలాడుతున్నాయి. సరస్సు మీదకి వెళ్ళే ప్రతివాడి మెడలోనూ అవి ఉంటాయి. తాడుకి కట్టిన రెండు చెక్క పిడులు, వాటి చివర పదునైన మేకులు. నీళ్ళలో పడితే ఆ రెండూ చేతుల్లోకి తీసుకుని గడ్డలో గుచ్చుకుంటూ పైకి పాకాలి. వేరే దారి లేదు. నేను కోటు జేబులో చెయ్యి పెట్టి ఆయన ఆకురాయి తీశాను. గోడ అవతల ఆయన పాడుకుంటూ కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నాడు. మేకుల మొనలు గుండ్రంగా అయ్యేదాకా అరగదీసి, వేలితో తడిమి చూసి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టేశాను.

నా లెక్క ఇదీ. నిజం చెబితే ఇంటికి తీసుకొస్తాను. చెప్పకపోతే గడ్డ చూసుకుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం ఒడ్డున ఊరంతా చేరింది. కాఫీ ఫ్లాస్కులు తిరుగుతున్నాయి. నేను అందరి ముందూ మామగారి బరమా ఆయన చేతిలో పెట్టాను. రేయో ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం రేయో, ముఖం అలా పాలిపోయింది? సారా దిగలేదా ఇంకా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"జాగ్రత్త, తైస్తో నడక నడిచేవు!" అన్నాడు ఇంకొకడు. ఆయన కూడా నవ్వాడు. నేను ఆ నవ్వు చూస్తూ నిలబడ్డాను.

ఒడ్డు దగ్గర ఆయన భలే నటించాడు. బరమా ఆనించి, ఛాతీ బరువు మోపి, గిరగిర తిప్పాడు. బూటుతో చుట్టూ ఉన్న మంచు ఎగదోసి, వంగి చూసి, "బ్రహ్మాండమైన గడ్డ!" అని అరిచాడు. ఒడ్డు మీద చప్పట్లు. నేను వెనకే వెళ్ళి చూశాను. చిల్లు లేదు, మెరిసే గుండ్రం ఉంది. పక్కన రెమ్మ పాతాను. అలాగే రెండోదీ, మూడోదీ. ఇంక చెప్పడమెందుకు, దీవి దాకా అదే నాటకం. దీవి దాకా గడ్డ గట్టిదని నాకు తెలుసు. ముందు రోజు పొద్దున్నే నా సొంత బరమాతో చూసి వచ్చాను. దీవి దాటాక ఎలా ఉందో నాకూ తెలీదు.

దీవి మలుపు తిరిగాక ఒడ్డు కనపడకుండా పోయింది. మా వైపు ఆ నెలలో మధ్యాహ్నం భోజనం అరిగేలోపే చీకటి పడుతుంది. నీలంగా, నెమ్మదిగా దిగుతుంది. గాలి లేదు. సరస్సు నడుమ ఎక్కడో గడ్డ బిగుసుకుంటూ ఒక్కసారి ఘుమ్మంది. అది మాకు అలవాటే.

రేయో ఆగిపోయాడు. "పట్టడం లేదు హిల్యా."

"ఇంతసేపూ బాగానే పట్టిందిగా?"

"ఇప్పుడు పట్టడం లేదు."

"బ్లేడ్ల మీద గడ్డ పేరుకుందేమో చూడండి."

ఆయన బ్లేడ్ల మీద నోటి ఆవిరి ఊది, తుడిచి, మళ్ళీ తిప్పాడు. సర్రున జారింది. ఫ్లాస్కులోని కాఫీ పోసి కడిగాడు. జారింది. మరలు బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. పిడి మీద పొట్ట ఆనించి పడుకున్నంత పని చేశాడు. అంత చలిలో నుదుటి మీద చెమట పట్టింది.

"ఊరందరి బరమాలకీ వైద్యం చేసేవారు, సొంత తండ్రి బరమాకి జబ్బేమిటో తెలీడం లేదా?"

"మొద్దుబారింది. అంతే."

"జేబులో ఆకురాయి ఉందిగా. దిద్దండి."

ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఆ బ్లేడుకి కావలసింది ఒక్కటే, ఎత్తుగా ఉన్న వీపుని నాలుగుసార్లు అరగదీయడం. అంచు ముట్టుకోకుండా సూటిగా వీపు మీద ఆకురాయి పెట్టాడంటే, రోగం తనకి ముందే తెలుసని నా కళ్ళ ముందు ఒప్పుకున్నట్టే. పెట్టకపోతే కాళ్ళ కింద గడ్డ ఎంత ఉందో తెలీదు. ఆయన నన్ను చూశాడు. నేను రెమ్మల కట్ట గుండెకి హత్తుకుని, చలికి ఊగుతూ, ఏమీ తెలియనట్టు నిలబడ్డాను.

"ఇంటికి పోదాం" అన్నాడు.

"పోదాం. ఒడ్డున వేసిన చిల్లులు చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చి ఉంటారు. ఏమని చెబుదాం వాళ్ళకి?"

ఆయన బరమా భుజాన వేసుకుని ముందుకి నడిచాడు. పరువు కోసం ప్రాణం మీదకి తెచ్చుకునే జాతి మాది. కొంతదూరం వెళ్ళి వంగి, మళ్ళీ తిప్పాడు. చీకట్లో ఆయన ఆకారం మాత్రమే కనపడుతోంది.

"తెగట్లేదు!" అని అరిచాడు.

అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. నేను అనుకోలేదు. నాలుక తనంతట తాను కదిలింది.

"ఉక్కు గడ్డ రా... ముందుకెళ్ళు!"

బావగారిని జీవితంలో ఎప్పుడూ "రా" అని పిలిచినదాన్ని కాదు. మా ఇళ్ళలో అలా పిలవం. ఆ మాట సరస్సు మీద చాలాసేపు మోగింది. రేయో వెనక్కి తిరిగాడు.

"ఏమన్నావ్?" గుసగుసలాడాడు. అంత దూరం నుంచి ఆ గుసగుస నా చెవి దగ్గర అన్నట్టు వినిపించింది. "ఆ మాట... ఎవరు చెప్పారు నీకు?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన మళ్ళీ ముందుకి తిరిగి, అక్కడున్న దేన్నో చూసి బిగుసుకుపోయాడు.

నేను దగ్గరికి వెళ్ళాను. ఆయనకి అవతల, ఎవరూ నడవని మంచు మీద ఒక చిల్లు ఉంది. గుండ్రంగా, శుభ్రంగా, నల్లటి నీళ్ళతో ఉంది. పక్కన ఒక స్ప్రూస్ రెమ్మ పాతి ఉంది.

"ఎవరో మనకన్నా ముందే వచ్చారు" అన్నాను. చుట్టూ చూశాను. ఒక్క అడుగుజాడ కూడా లేదు.

"తురుము లేదు" అన్నాడు రేయో.

నిజమే. చిల్లు పెడితే చుట్టూ తెల్లటి తురుము కుప్పగా పడాలి. ఇక్కడ రవ్వంత కూడా లేదు. పైగా చిల్లు అంచు పైకి ఉబ్బి పెచ్చులు లేచి ఉంది, లోపలి నుంచి పొడిచినట్టు. అప్పుడు రెమ్మ కేసి చూశాను. నరికిన మొదలు పైకి ఉంది. ఆకుల కొస గడ్డలో దిగి, కింద నీళ్ళలోకి వేలాడుతోంది. తలకిందులుగా పాతారు.

కింద నుంచి చూసేవాడికి అది తిన్నగానే ఉంటుంది.

ఒక వాసన వచ్చింది. బురద, తడిసిన ఉన్ని. తైస్తో సరస్సు మీంచి వచ్చి పొయ్యి దగ్గర స్వెట్టరు ఆరేస్తే వచ్చే వాసనే... కానీ కుళ్ళి ఉంది.

"అదిగో..." అన్నాడు రేయో.

కొంత ఇవతల ఇంకో చిల్లు. ఇందాక లేదు. దాని పక్కన తలకిందుల రెమ్మ. ఎవరో బాట వేస్తున్నారు. అటు నుంచి మా వైపు.

కాళ్ళ కింద మొదలైంది చప్పుడు. కర్ర్... కర్ర్... కర్ర్... తొందర లేదు. కాస్త తిప్పడం, ఆగడం. మళ్ళీ తిప్పడం. మా తైస్తో అలాగే తిప్పేవాడు, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. నా అరికాళ్ళలోకి ఆ అదురు తెలుస్తోంది.

"హిల్యా... వీడు..."

"ఊరుకోండి."

"వీడికి బరమా ఎక్కడిది..." అన్నాడు. ఏడుస్తున్నాడు. "బరమా నా చేతిలో ఉందే..."

చప్పుడు ఆగింది. సరిగ్గా ఆయన రెండు బూట్ల మధ్య.

ఇద్దరం కిందకి చూశాం. మంచు కొద్దిగా ఉబ్బింది. ఒక పెచ్చు లేచింది. నీళ్ళు బుడబుడమంటూ పైకి ఊరాయి...

రేయో గావుకేక పెట్టి బరమా విసిరేసి పరిగెత్తాడు. వచ్చిన దారిన కాదు. భయంలో పక్కకి, చీకట్లోకి. నాలుగు అంగలు కూడా పడలేదు. గడ్డ గాజులా టప్పున పగిలింది. మనిషి నిలువునా దిగిపోయాడు.

నేను బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్ళాను, మా వాళ్ళందరికీ చిన్నప్పటి నుంచీ నేర్పే పద్ధతిలో. దారిలో బరమా దొరికితే తీసుకున్నాను. ఆయన తల పైకి వచ్చింది. నోరు తెరుచుకుని ఊపిరి అందక కొట్టుకుంటున్నాడు. మెడ మేకులు తీశాడు. మంచి పనివాడు, ఎక్కడా తడబడలేదు. రెండు చేతులా ఎత్తి గడ్డలో పొడిచాడు.

జారాయి.

మళ్ళీ పొడిచాడు. జారాయి. మూడోసారి పొడవబోయి ఆగి, మేకు మొన ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. పదును పెట్టడంలో ఆరితేరినవాడు. ఒక్క చూపులో తెలిసిపోయింది. తలెత్తి నన్ను చూశాడు.

"నవ్వులాటకి బావగారూ" అన్నాను.

అంతకన్నా తీపి మాట నేను జన్మలో అనలేదు. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నాకు భయం కూడా పోయింది.

బరమాని బ్లేడ్లున్న వైపు నుంచి ఆయన కేసి చాచాను, వేళ్ళకి అందీ అందనంత దూరంలో. "చెప్పండి."

"లాగు... హిల్యా... కాళ్ళు తెలీడం లేదు..."

"చెప్పండి."

"అంచు అరగదీశా... వీపు వదిలేశా..." పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "వాడు చెమటలు కక్కుతుంటే... చూసి నవ్వుదామని... అంతే... చచ్చిపోతాడనుకోలా..."

"అది నాకు తెలుసు. ఇంకా?"

"వాడు ముందు నుంచి అరిచాడు... అన్నా, తెగట్లేదు అని..."

"మీరేమన్నారు?"

ఆయన పెదాలు నీలంగా అయిపోయాయి.

"నువ్వు ఇందాక అన్నదే" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు, ఇందాక ఆ మాట నా నోట్లో ఎవరు పెట్టారో. చిల్లు పెట్టి చూడరా అని గొంతు చించుకోలేదు ఈయన. పలచటి గడ్డ మీద నిలబడి దారి అడిగిన తమ్ముణ్ణి ముందుకి పంపాడు. నవ్వుతూనే పంపి ఉంటాడు.

అయినా చెప్పాడు కదా. మాట మాటే. బరమా ఇంకాస్త ముందుకి తోశాను. ఆయన బ్లేడ్లనే రెండు చేతులా పట్టుకున్నాడు. నేను పిడి పట్టుకుని వెనక్కి పాకుతూ లాగాను. నిజంగానే లాగాను. ఛాతీ దాకా గడ్డ మీదకి వచ్చాడు.

అప్పుడు పిడి నా చేతిలో తిరిగింది.

నేను తిప్పలేదు. నెమ్మదిగా, కాస్త తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగింది... మధ్యలో ఊపిరి తీసుకుంటున్నట్టు. ఇంతసేపూ గడ్డని గీరలేని ఆ బ్లేడ్లు ఆయన చేతి తొడుగుల్ని తెగ్గోశాయి. తెల్లటి మంచు మీద నల్లగా ఏదో పారింది.

"తిప్పకు... హిల్యా... తిప్పకు!"

"నేను కాదు..."

బరువు పెరిగింది. ఒక్క మనిషి బరువు కాదు. ఆయన నడుము దగ్గర నీళ్ళలోంచి ఒక తెల్లటి చెయ్యి వచ్చి, కోటుని మెత్తగా, ప్రేమగా పట్టుకుంది. నేను అల్లిన తొడుగు ఆ చేతికి ఉంది.

పిడి నా చేతిలోంచి జారిందని ఊళ్ళో చెప్పాను. జారలేదు. నేనే వదిలేశాను.

ఊరు దివిటీలతో వచ్చింది. రెండు రోజులు వెతికారు. రేయో దొరకలేదు, బరమా దొరకలేదు. కింద నుంచి పొడిచిన ఆ చిల్లులు గానీ, తలకిందుల రెమ్మలు గానీ ఎవరికీ కనపడలేదు. వాళ్ళకి కనపడింది ఒడ్డు నుంచి దీవి దాకా నేను పాతిన రెమ్మలూ, వాటి పక్కన చిల్లులు కాని మెరిసే గుండ్రాలూ. రేయో అందరి కళ్ళ ముందూ చేసిన దొంగ నాటకం మంచు మీద రాసిపెట్టినట్టు కనపడింది. పోయినేడు తైస్తో విషయంలోనూ అబద్ధమే చెప్పి ఉంటాడని ముసలివాళ్ళు మొదట అన్నారు, తర్వాత అందరూ అన్నారు. ఇప్పుడు పిల్లల్ని "రేయో నడక నడవకు" అని బెదిరిస్తున్నారు. దుకాణంలో ఆ మాట విన్నప్పుడు నాకు హాయిగా ఉంది. ఇంటికొచ్చి తైస్తో కుర్చీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగాను.

కానీ మా రేవు దగ్గర, నేను నీళ్ళు తోడుకునే చోట, గడ్డ గాజులా ఉంటుంది. తర్వాతి ఆదివారం అక్కడ ఒక గుండ్రం కనపడింది. చెయ్యి వేసి తుడిస్తే పోలేదు. అది గడ్డ పైన లేదు. అడుగున ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాను. కింద ఎవరో తిప్పుతున్నారు. ఊపిరి కోసం ఆగడం లేదు. ఆత్రంగా, కసిగా, పిచ్చిపట్టినట్టు తిప్పుతున్నారు. సర్రున జారుతోంది, జారుతోంది, జారుతోంది. తైస్తో కాదని ఆ తొందరలోనే తెలిసిపోయింది. నేను నవ్వాను. గడ్డకి నోరు ఆనించి, "ఏం బావగారూ, పట్టడం లేదా?" అని అడిగాను.

రోజూ అడుగుతున్నాను. పొద్దున్నే బిందె తీసుకుని వెళ్ళడం, ఒకసారి చెవి పెట్టి వినడం, ఆ మాట అని రావడం. గుండ్రం మెరుస్తూ అలాగే ఉంది, ఒక్క వెంట్రుకవాసి కూడా లోతు కాలేదు. వీపు అరగదీస్తే తప్ప, అలాంటి బ్లేడ్లతో ఏళ్ళ తరబడి తిప్పినా కాదు. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

ఈ పొద్దున వెళ్తే తిప్పుడు ఆగిపోయింది. విసిగిపోయాడేమో అనుకున్నాను. బిందె పక్కన పెట్టి, అలవాటు కొద్దీ వంగి చెవి ఆనించాను. చాలాసేపు ఏమీ లేదు. నీళ్ళ చప్పుడు కూడా లేదు.

తర్వాత, నా చెవి కిందే, చాలా దగ్గరగా, తీరుబడిగా...

సర్... సర్... సర్...

నా పళ్ళు జివ్వుమన్నాయి.